మునెమ్మ, మునిలక్ష్మి ఒకరేనని ఎవరు చెప్పాలి?

పలమనేరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు మార్చి సారాంశం ఇస్తున్నాం.

ఆమె భర్త 1978లో సైన్యంలో చేరారు. ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే విభాగం)లో 17 ఏళ్లు పనిచేసి 1995లో హవల్దారుగా పింఛనుతో ఇంటికొచ్చారు. 1998లో మాజీ సైనికుల కోటాలో రాష్ట్ర ప్రభుత్వ శాఖలో ఉద్యోగం వచ్చింది. 2019లో 60 ఏళ్లు నిండి అక్కడా రిటైరయ్యారు. ఆర్మీ పింఛను బ్యాంకులో, రాష్ట్ర పింఛను ట్రెజరీ ద్వారా, రెండూ అందుకుంటూ వచ్చారు. ఐదు నెలల కిందట తిరుపతిలో ఆసుపత్రిలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్ల 4 నెలలు.

ఇప్పుడామెకు వచ్చిన చిక్కులివి. డిశ్చార్జి బుక్కులో, ఆర్మీ పీపీఓ (పింఛను మంజూరు పత్రం)లో ఆమె పేరు ‘మునెమ్మ’, పుట్టిన సంవత్సరం 1965. ఆధార్‌లో ‘మునిలక్ష్మి’, 1968 జనవరి 1. రాష్ట్ర పింఛను కాగితాల్లోనూ మునిలక్ష్మే. బ్యాంకులో ఒకరు, ‘రెండు ఫ్యామిలీ పింఛన్లు రావు, ఏదో ఒకటి ఎంచుకోండి’ అన్నారట. మరణం సంగతి ట్రెజరీకి చెప్పారు గానీ ఆర్మీ వైపు ఎవరికీ చెప్పలేదు. దాంతో మూడు నెలలు పింఛను పడుతూనే ఉంది, కొడుకు ఏటీఎం కార్డుతో తీసి ఆసుపత్రి అప్పులు కట్టాడు. తర్వాత ఎవరో చెబితే భయపడి మానేశాడు. ‘మీ ఆయన కమ్యుటేషన్ బాకీ ఇంకా ఉంది, అది కూడా కట్టాలి’ అని ఒకరు బెదిరించారు. 30 వేలు ఇస్తే అన్నీ తానే చూసుకుంటానని ఒక మధ్యవర్తి రోజూ ఫోన్ చేస్తున్నాడు. చివరగా, 34 ఏళ్ల కూతురు ఆరేళ్ల కిందట భర్తను వదిలి పుట్టింటికి వచ్చేసింది. ఊరి పెద్దలు స్టాంపు కాగితం మీద రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ‘నా తర్వాత నా బిడ్డకు ఈ పింఛనేమైనా వస్తుందా?’ అన్నది ఆమె ఆఖరి ప్రశ్న.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో ఆరు చిక్కులున్నాయి. వాటిలో మూడు అసలు చిక్కులే కావు. వాటిని ముందు పక్కన పెడదాం.

రెండు ఫ్యామిలీ పింఛన్లలో ఒకటే ఎంచుకోవాలన్నది ఒకప్పటి నిబంధన. సైన్యంలో పింఛను తీసుకుని, తర్వాత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరినవారి కుటుంబాలకు 2012 సెప్టెంబర్ 24 నుంచి రెండూ ఇస్తున్నారు. రక్షణ శాఖ 2013 జనవరిలో ఈ ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కటే చూసుకోవాలి: రాష్ట్ర ఉద్యోగంలో చేరినప్పుడు కొందరు ఆర్మీ పింఛను వదులుకుని ఆ సర్వీసును సివిల్ సర్వీసులో కలిపేసుకునేవారు. మీ ఆయన చివరిదాకా రెండు పింఛన్లూ తీసుకున్నారంటే అలా కలపలేదన్నమాట. కాబట్టి ఎవరైనా ‘ఆప్షన్ ఫారం’ ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. ఒకసారి ఒకటి వదులుకున్నట్టు రాసిచ్చాక దాన్ని వెనక్కి తిప్పించడం ఇప్పుడున్న పనికంటే పెద్ద పనవుతుంది.

కమ్యుటేషన్ సంగతి అంతకంటే తేలిక. ముందుగా ఏకమొత్తం తీసుకున్నందుకు ప్రతినెలా కోసే భాగం మనిషి పింఛనుకే పరిమితం. ఆయనతోనే అది పోతుంది. మిగిలిన వాయిదాలు భార్య ఫ్యామిలీ పింఛను నుంచి కోయరు, కట్టమనీ అడగరు. పైగా ఆర్మీ కమ్యుటేషన్ 15 ఏళ్లకు, అంటే 2010లోనే తీరిపోయి ఉంటుంది. బెదిరించినవాళ్లకు ఆ లెక్క తెలియదు, అంతే.

ఇక మీ అబ్బాయి తీసిన డబ్బు. అది తప్పే గానీ దొంగతనమని ఊహించుకుని నిద్ర మానుకోవద్దు. చనిపోయిన రోజు దాకా పింఛను ఆయనది. మరుసటి రోజు నుంచి ఫ్యామిలీ పింఛను మీది. అంటే ఆ మూడు నెలలకూ మీకు రావాల్సింది కొంత ఉంది. ఎక్కువ పడిందంతా మీ బకాయిల్లోంచి సర్దుబాటు చేసుకుంటారు. మీ విషయంలో తేడా పెద్దగా ఉండకపోవచ్చు కూడా, ఎందుకో కింద చెబుతాను. కానీ ఈ రోజు నుంచి ఆ ఖాతాలో ఆర్మీ పింఛను పైసా కూడా ముట్టవద్దు. ఏటీఎం కార్డు పెట్టెలో పెట్టి తాళం వేయండి. సంగతి దాచిన కొద్దీ రికవరీ పెరుగుతుంది. ఆరు నెలల డబ్బు ఒక్కసారి తిరిగి కట్టమన్న రోజున మీ అబ్బాయి ఎక్కడి నుంచి తెస్తాడు?

ఎంత వస్తుందనేది మీరు అడగలేదు గానీ చెప్పాలి, లేకపోతే ముందు ముందు ఒకరోజు గుండె ఆగినంత పనవుతుంది. పింఛనుదారు చనిపోతే కొంతకాలం ఫ్యామిలీ పింఛను ఎక్కువ రేటులో, అంటే చివరి జీతంలో 50 శాతం చొప్పున ఇస్తారు. అది ఆయన పింఛనుకు మించదు. ఈ ఎక్కువ రేటు చనిపోయిన నాటి నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్లు నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. మీ ఆయనకు 66 ఏళ్ల 4 నెలలు కాబట్టి మీకు ఈ రేటు ఉండేది 8 నెలలు. అందులో 5 ఇప్పటికే గడిచాయి. తర్వాత 30 శాతానికి దిగుతుంది. అంటే మొదట వచ్చినదాంట్లో సుమారు ఐదింట మూడు వంతులు. 20 వేలు వచ్చేచోట 12 వేలు, దాని మీద డీఆర్ (కరువు భత్యం). ఎంత చిన్న ర్యాంకైనా 9,000 రూపాయలకు తక్కువ ఇవ్వరు, దాని మీదా డీఆర్ ఉంటుంది. ఒకే ర్యాంకు ఒకే పింఛను కింద 2024 జూలై 1 నుంచి సవరించిన పట్టికలు మీకూ వర్తిస్తాయి. ఇప్పటి నుంచి నాలుగో నెలలో మొత్తం తగ్గిందని బ్యాంకు మీదికి గొడవకు వెళ్లకండి, అది నిబంధన ప్రకారమే జరుగుతుంది. ఆ మొదటి 8 నెలలు ఫ్యామిలీ పింఛను దాదాపు ఆయన పింఛనంతే ఉంటుంది కాబట్టే, కొడుకు తీసిన డబ్బులో రికవరీ పెద్దగా ఉండకపోవచ్చన్నాను.

రాష్ట్ర పింఛను లెక్క వేరే. దానికి ట్రెజరీ వాళ్లు, వాళ్ల నిబంధనలు. అక్కడ మీ పేరు కుదురుగా ఉంది, మరణం చెప్పేశారు, కాబట్టి అది ముందే తేలిపోవచ్చు. ఆర్మీ వైపు ఆగిందని దాన్ని ఆపుకోకండి.

ఇప్పుడు అసలు ముడి, పేరు.

మీకు మూడు దారులున్నాయి. చాలామంది సలహా ఇచ్చే మొదటి దారి, ఆధార్‌లో పేరు ‘మునెమ్మ’గా మార్పించుకోవడం. త్వరగా అయిపోతుంది, చేతిలో కార్డు వస్తుంది, ఆర్మీ కాగితాలతో సరిపోతుంది. కానీ మరుక్షణమే రాష్ట్ర పింఛను, బ్యాంకు ఖాతా, పాన్, రేషన్ కార్డు, పొలం 1బీ, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లలో తల్లి పేరు, ఇవన్నీ ఆధార్‌తో తేడా పడతాయి. ఒక ముడి విప్పడానికి ఆరు ముళ్లు వేసుకున్నట్టు. పైగా ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోగలం. మీ విషయంలో ఈ దారి వద్దనే నేను గట్టిగా చెబుతాను.

రెండో దారి, ఆర్మీ రికార్డులోనే పేరు సరిచేయించడం. మీ ఆయన ఈఎంఈ కాబట్టి సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్ నుంచి ఇది జరగాలి. అఫిడవిట్, పత్రికా ప్రకటన, తహసీల్దారు ఇచ్చే ‘ఇద్దరూ ఒకరే’ ధ్రువపత్రం, చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపే లేఖ, ఇవన్నీ కావాలి. నెలలు పడుతుంది. కానీ ఒకసారి అయితే మీ తర్వాత మీ కూతురికి కూడా అదే ఆధారం.

మూడోది, ఉన్న పేర్లతోనే దరఖాస్తు పెట్టి, తేడా ఉందని మనమే ముందుగా చెప్పి, ఒకరేనన్న రుజువులు జత చేయడం. ఇది ఒక్కసారిలో గట్టెక్కవచ్చు, ‘రికార్డు సరిచేసుకుని రండి’ అని తిరిగి రావచ్చు కూడా. అయినా దీంతోనే మొదలుపెట్టడం మంచిదంటాను. పక్కనే రెండో దారి కాగితాలు సిద్ధం చేసుకోండి. తిరిగొస్తే అఫిడవిట్ కోసం మళ్లీ నోటరీ దగ్గరికి పరిగెత్తే పని ఉండదు.

రుజువుల్లో ఏది బలమైనదో చూద్దాం. డిశ్చార్జి బుక్కు తెరిచి కుటుంబ వివరాలున్న పేజీ తీయండి. భార్య పేరు పక్కన పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ రాసి ఉంటే అది బంగారం. పెళ్లి సంగతిని ఆర్మీ తన రికార్డుల్లోకి ఎప్పుడు ఎక్కించుకుందో అదే చెబుతుంది. ఆ నంబరును దరఖాస్తులోనూ లేఖలోనూ రాయండి. తర్వాత మీ ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ కార్డు చూడండి. ఇవి సైన్యం సంబంధం ఉన్న కార్డులు, పైగా వాటి మీద మీ ఫొటో ఉంటుంది. మునిలక్ష్మి అన్న పేరు, మీ ముఖం, మీ ఆయన ఆర్మీ నంబరు మూడూ ఒకేచోట ఉన్న కాగితం దొరికితే వంద అఫిడవిట్ల పెట్టు. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు ఆ తర్వాతే.

ఇంగ్లీషు అక్షరాలు కూడా చూసుకోండి. మన పేర్లను ఆ లిపిలోకి ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఆర్మీ పీపీఓలో ఇంటిపేరే ఉండదు. కంప్యూటర్‌కు ఇవన్నీ వేరు వేరు మనుషులు. అఫిడవిట్‌లో ఉన్న పేర్లన్నీ, ఏ కాగితంలో ఎలా ఉందో అలాగే, ఒక్క అక్షరం మార్చకుండా వరుసగా రాయించండి. ‘మునెమ్మ అలియాస్ మునిలక్ష్మి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తే అది వెనక్కి వస్తుంది.

పుట్టిన సంవత్సరం దగ్గర ఒక్క మాట. 80 ఏళ్లు నిండిన నెల నుంచి ఫ్యామిలీ పింఛను మీద 20 శాతం అదనంగా ఇస్తారు, 85కి 30, 90కి 40 అలా పెరుగుతుంది. 1965 అయితే ఆ 20 శాతం మూడేళ్లు ముందు వస్తుంది. లాభం చూసి సంవత్సరం ఎంచుకోవద్దు, నిజమేదో దానికి రుజువున్నదే పెట్టండి. జనవరి 1 అనే తేదీ చూస్తే ఆధార్ తీసేటప్పుడు ఎవరో అంచనాగా వేసిందే అనిపిస్తోంది. బడి రికార్డు, పంచాయతీ పుట్టుక రిజిస్టరు ఏదైనా దొరుకుతుందేమో ఇప్పుడే వెతకండి. ఆర్మీలో ఉన్న ఏడాది నిజమైతే ఆధార్‌లో మీకున్న ఆ ఒక్క అవకాశాన్ని దానికి వాడుకోవచ్చు.

పేరు తేలేదాకా మరణం నమోదు ఆపవద్దు. ఆ రెండు పనులకూ సంబంధం లేదు. ఇప్పుడు రక్షణ పింఛన్లు దాదాపు అన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలో నడుస్తున్నాయి, దాన్ని ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ అనే రక్షణ పింఛన్ల కార్యాలయం చూస్తుంది. బ్యాంకు ఇప్పుడు డబ్బు పడే ఖాతా మాత్రమే, నిర్ణయించేది కాదు. అందుకే బ్యాంకు వాళ్ల మాటకు మరీ అంత విలువ ఇవ్వనక్కరలేదు. స్పర్శ్ సర్వీస్ సెంటర్‌లోనో, కామన్ సర్వీస్ సెంటర్‌లోనో, లేదా మీ అబ్బాయి చేతనే ఈ వారంలో మరణం నమోదు చేయించండి. దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు లేదు. మరణ ధ్రువపత్రం మనిషి పోయిన చోట నుంచే రావాలి, అంటే మీకు తిరుపతి నగరపాలక సంస్థ నుంచి, మీ ఊరి పంచాయతీ నుంచి కాదు. అందులో ఆయన పేరు పీపీఓలో ఉన్నట్టే ఉందో లేదో చూసుకున్నాకే కాపీలు తీయండి. మరణం ఖాయమయ్యాక మీ పేరిట కొత్త లాగిన్ వస్తుంది. ఆయన పాత యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో పని కానివ్వకండి, తప్పు పడుతుంది.

చనిపోయిన నెలలో ఆ తేదీ దాకా రావాల్సిన పింఛనును లైఫ్ టైం ఎరియర్స్ అంటారు, దానికి వేరే దరఖాస్తు. నామినీగా ఎవరి పేరుందో చూడండి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినవాళ్లు తల్లి పేరు రాసి మార్చడం మరిచిపోవడం మామూలే. అత్తగారు లేకపోతే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, గ్రామ సచివాలయంలో పెట్టుకుంటే తహసీల్దారు నుంచి వస్తుంది. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్ల ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ రిటైరయ్యాక కూడా కొన్నేళ్లు ఉంటుంది. మీ ఆయనకు అది ఇంకా నడుస్తోందో లేదో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. 1996 జనవరి 1కి ముందు రిటైరయిన వారికి, వారి భార్యలకు ఈసీహెచ్‌ఎస్ చందా లేదు. మీ ఆయన 1995లో వచ్చారు కాబట్టి ఆ కింద ఎవరైనా మిమ్మల్ని డబ్బు అడిగితే కట్టక్కరలేదు. మందులు ఆగిపోకుండా కార్డును మీ పేరు మీదికి మార్పించుకోండి.

ఈ వ్యాసం చదువుతున్న మాజీ సైనికులకో మాట. భార్య పేరు తేడా ఉంటే మీరుండగా స్పర్శ్‌లో సరిచేయించడం ఒక దరఖాస్తు. మీరు పోయాక అది ఆవిడకు చిత్తూరు నుంచి సికింద్రాబాద్ దాకా ప్రయాణం.

మధ్యవర్తి 30 వేలకు చేసేది పైన చెప్పిన పనే, అదీ మీ వేలిముద్రతో, మీ ఓటీపీతో. ఒకవేళ ఎవరి సాయమైనా తీసుకున్నా అసలు డిశ్చార్జి బుక్కు మాత్రం చేతికివ్వకండి. ఫొటో కాపీ చాలు.

పింఛను మొదలయ్యాక ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నట్టు డిజిటల్ ధ్రువపత్రం) ఇవ్వాలి, ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వచ్చు. మీకు రెండు పింఛన్లు కాబట్టి రెండుసార్లు ఇవ్వాలి. ఆర్మీ దానికి పంపిణీ సంస్థగా ‘స్పర్శ్ - పీసీడీఏ’ అన్నదాన్ని ఎంచుకోవాలి. బ్యాంకు పేరు ఎంచుకుంటే సర్టిఫికెట్ వచ్చినట్టే కనిపిస్తుంది గానీ వాళ్లకు చేరదు, పింఛను ఆగుతుంది. నెలల తరబడి జవాబు లేకపోతే స్పర్శ్‌లోనే ఫిర్యాదు, ఆ తర్వాత పింఛన్ అదాలత్, అప్పటికీ కాకపోతే చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నాయి. అక్కడిదాకా పోవాల్సి రాదనే అనుకుంటున్నాను.

మీ కూతురి సంగతి చివరికి పెట్టడానికి కారణం, అది అన్నిటికంటే బరువైనది కాబట్టి.

విడాకులు పొందిన కూతురికి 25 ఏళ్లు దాటినా ఫ్యామిలీ పింఛను వస్తుంది, మళ్లీ పెళ్లి చేసుకునేదాకా, లేదా నెల ఆదాయం 9,000, దాని మీద డీఆర్ కలిపిన మొత్తాన్ని చేరేదాకా. అయితే విడాకులు తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి ఉండగా జరగాలి. కనీసం కోర్టులో పిటిషన్ అయినా అప్పటికే పడి ఉండాలి. ఆ తర్వాత డిక్రీ ఎప్పుడు వచ్చినా పరవాలేదు. పెద్దలు రాసిన స్టాంపు కాగితాన్ని పింఛను వాళ్లు పరిగణించరు. కొన్ని కులాల్లో ఆచార విడాకులను చట్టం ఒప్పుకుంటుంది, కానీ దాన్ని నిరూపించి కోర్టు చేత చెప్పించుకోవాల్సిందే. విడిగా ఉంటున్నామంటే సరిపోదు. రాష్ట్ర పింఛనుకు ఈ విషయంలో నిబంధనలు వేరు, ట్రెజరీలో రాతపూర్వకంగా అడగండి.

కాబట్టి మీ అమ్మాయికి ఉన్న దారులు: అల్లుడు ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో విడాకులు. ఏడాదికి పైగా విడిగా ఉండాలన్న షరతు ఆరేళ్లతో ఎప్పుడో తీరింది. పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది, కోర్టు తలచుకుంటే అదీ మాఫీ చేయగలదు. పెద్దల కాగితం మీద ఇద్దరి సంతకాలున్నాయి కాబట్టి ఇది కుదిరే అవకాశం ఉంది, ఆ కాగితం ఇక్కడ పనికొస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే కేసు వేయాలి, ఏళ్లు పడుతుంది, అయినా మీరుండగా పిటిషన్ పడిందా లేదా అన్నదే లెక్క. ఏమీ చేయకుండా ఉండటమూ ఒక దారే. ఆమెకు కోర్టు మెట్లెక్కడం ఇష్టం లేకపోవచ్చు, అల్లుడితో మళ్లీ కలిసే ఆశ ఎక్కడో ఉండొచ్చు. అప్పుడు పింఛను మీతోనే ఆగిపోతుందని తెలిసి ఆ నిర్ణయం తీసుకోవాలి.

ఈ మాట ఆమెతో ఎత్తేటప్పుడు పింఛను కోసం విడాకులు తీసుకోమన్నట్టు వినిపించకుండా చూసుకోండి. విడాకులు కావాలనుకుంటేనే కోర్టుకు వెళ్లాలి, వెళ్లేదే అయితే ఆలస్యం చేయకూడదు. వకీలు ఖర్చు గురించి వెనకాడుతుంటే, చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెడతారు. పెద్దలు రాసిన ఆ స్టాంపు కాగితం, పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్ కాపీలు తీసుకుని మీ అమ్మాయే వెళ్లి ఒకసారి మాట్లాడి రావచ్చు, మాట్లాడినంత మాత్రాన కేసు పడిపోదు.